పాచి తుడవడానికి ఒటోలను కొనకండి

మొన్న ఆదివారం ఆక్వేరియం షాపులో ఒకాయన, "అద్దానికి పాచి పడుతోంది, క్లీనింగ్ చేపలు రెండివ్వండి" అన్నాడు. షాపతను రెండు ఒటోలను, అంటే ఒటోసింక్లస్ అనే పాచి తినే చిన్న చేపలను, కవర్లో వేసిచ్చాడు. ట్యాంక్ పెట్టి ఎన్నాళ్లయిందని అడగలేదు. నేనడిగాను. పది రోజులట. ఇప్పుడే వద్దండీ అని చెప్పబోతే, "నూట ఇరవయ్యే కదా సార్, పోతే మళ్లీ తెచ్చుకుంటాం" అని వెళ్లిపోయాడు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఒటోసింక్లస్ దక్షిణ అమెరికా వాగుల చేప. మన జెల్ల, వాలుగల్లాగే ఇదీ క్యాట్‌ఫిష్ జాతే, కానీ మహా పెరిగితే రెండంగుళాలు. అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం చెరువుల్లో పెంచినవి కావు, వాగుల్లో వలేసి పట్టినవి. అక్కడ రాళ్ల మీద, ఆకుల మీద ఉండే పల్చటి పాచిని పొద్దస్తమానం గీరుకు తింటూనే ఉంటుంది. పట్టాక ఆ తిండి పోతుంది. తొట్టెలు మారి, విమానాలెక్కి, హోల్‌సేల్ వాళ్ల దగ్గర ఆగి మన షాపుకొచ్చేసరికి చాలావాటికి కడుపు వీపుకి అంటుకుని ఉంటుంది. ఇంటికి తెచ్చిన వారానికి చచ్చిపోతే "ఒటోలు సున్నితం" అంటారు. సున్నితం కాదు, ఆకలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి ఐదు తెచ్చాను. కొత్త చేపలొస్తున్నాయని ముందురోజే అద్దాలన్నీ తళతళలాడేలా రుద్దిపెట్టాను. పది రోజుల్లో నాలుగు పోయాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నీళ్లు బాగానే ఉన్నాయి, తినడానికే ఏమీ లేదు. వాటి తిండిని నా చేత్తో నేనే తుడిచేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే చెప్తున్నాను. షాపులో అది అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటేనే తీసుకోండి, లోపలికి పోయి ఉంటే వద్దు. కుదిరితే డబ్బు కట్టేసి, ఒక వారం అక్కడే ఉంచమని అడగండి. ట్యాంక్‌కి కనీసం మూడు నెలలు నిండాలి, మొక్కలుండాలి, వెనక అద్దం మీద పాచి వదిలేయాలి. ఒకటీ రెండూ కాదు, ఆరు తెచ్చుకోండి, గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. నియాన్లు, గప్పీలు, కోరీల్లాంటి చిన్న చేపలతో హాయిగా ఉంటాయి. పెద్ద నోరున్న చేపలతో మాత్రం వద్దు.

తిండి రోజూ పెట్టాలి. ఉడుకునీళ్లలో రెండు నిమిషాలు ఉంచిన కీరా ముక్కో, బీరకాయ ముక్కో సాయంత్రం రాయికి కట్టి దింపి, పొద్దున్నే తీసేయండి. మొదట్లో అది తిండని వాటికి తెలియదు. మా వాటికి ఐదో రోజున తెలిసింది. ఇంకో పద్ధతి: నాలుగు గులకరాళ్లను నీళ్ల సీసాలో వేసి ఎండ తగిలే బాల్కనీలో పెడితే పచ్చగా పాచి పడుతుంది. ఆ రాళ్లను మార్చి మార్చి ట్యాంక్‌లో వేస్తాను. నా అనుభవంలో దీన్ని మించింది లేదు.

ఎండాకాలం టెన్షన్ వేరే. వీటికి ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు డిగ్రీలు సుఖం. మే నెలలో మా ట్యాంక్ ముప్పై రెండుకి పోతుంది. మూత తీసి నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైన నీళ్లు పోస్తూ ఉండాలి.

మీ అసలు బాధ పాచే అయితే లైటు ఆరేడు గంటలకి తగ్గించండి, మేత తగ్గించండి. నల్లటి కుచ్చు పాచిని ఒటోలు ముట్టుకోవు కూడా.

ఇక షాపుల్లో పాచి తినే చేపలన్నిటికీ ఒకటే పేరు, "సక్కర్". ఆ పేరుతో అమ్మే ప్లెకో అనే ఇంకో క్యాట్‌ఫిష్ పిల్ల అడుగు దాటి పెరుగుతుంది. ట్యాంక్‌లో పట్టక చెరువులో వదిలేస్తారు. అవి తమ వలల్ని చింపుతున్నాయని జాలర్లు మొత్తుకుంటున్నారు, తూర్పు కనుమల నీళ్లలో ఎంత దూరం పాకాయో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏతో పరీక్షించి మరీ చెప్పారు. మీ ఇంట్లో అలాంటిది పెరిగిపోయి ఉంటే చెరువులో వేయకండి. తిరిగి షాపుకివ్వండి, లేదా కామెంట్లో చెప్పండి, పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లని నేను వెతుకుతాను.