పరిచయం చేసినా ఏజెంటే

కొనేవాళ్లను బిల్డర్‌కు పరిచయం చేసి రిఫరల్ ఫీజు తీసుకుంటే లైసెన్స్ అక్కర్లేదని వ్యాసంలో రాశారు. సరికాదండీ. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2వ సెక్షన్ చూడండి, ఫీజు తీసుకుని ఇద్దర్ని కలిపేవాళ్లూ ఏజెంట్లే, పేరేదైనా సరే. రిజిస్ట్రేషన్ లేకుంటే రోజుకు 10,000 రూపాయల జరిమానా, అది ఫ్లాట్ ఖరీదులో 5 శాతం దాకా పెరగొచ్చు. అయితే ఇది రెరాలో నమోదైన ప్రాజెక్టులకే, పాత ఫ్లాట్ల రీసేల్ సంగతి వేరు.

కిందటేడు మా బావమరిదికి ఫ్లాట్ చూపిద్దామని తెల్లాపూర్ వెళ్తే, సేల్స్ కుర్రాడు నన్ను పక్కకు పిలిచి "బుక్ చేయిస్తే లక్ష మీకు సార్, క్యాష్" అన్నాడు. నాకు రెరా నంబర్ లేదయ్యా అంటే "అవన్నీ ఎవరడుగుతారు సార్" అని నవ్వాడు. ఆ లక్షేదో మా బావమరిదికి రేటులో తగ్గించమన్నాను. తగ్గించలేదు.