పిల్లలు చెడిపోతున్నారు, జాగ్రత్త!

సమాజ శ్రేయస్సు కోరి ఒక చేదు నిజం రాయక తప్పడం లేదు. విజయవాడ ప్రైమరీ బళ్ళలో పిల్లల ప్రవర్తన నానాటికీ అదుపు తప్పుతోంది. ఒకళ్ళ పెన్సిలు ఇంకొకళ్ళు వాడేస్తున్నారు. లెక్క వచ్చినవాడు రానివాడికి పిలిచి మరీ చూపిస్తున్నాడు. పొద్దున కటీఫ్ అన్నవాళ్ళు ఇంటర్వెల్ గంటకల్లా భుజాల మీద చేతులేసుకుని కుళాయి దగ్గర కనబడుతున్నారు. పగను ఒక పూట కూడా నిలుపుకోలేని ఈ తరం రేపు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఎలా నడుపుతుందో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

తప్పు బడిది కాదు. పటమటలో మా వీధి చివరి బడినే చూడండి. ఆటస్థలం సెల్లార్లో ఉంది, కరస్పాండెంట్ గారి కారు బయటికి వెళ్ళినప్పుడల్లా. గేటు మీద ‘క్రమశిక్షణ, సహనం, సేవ’ అని బంగారు రంగు అక్షరాలున్నాయి. సాయంత్రం నాలుగింటికి ఆ అక్షరాల కిందే తండ్రులందరూ రాంగ్ రూట్లో బళ్ళు తెచ్చి, హారన్ మీద బొటనవేలు తీయకుండా పిల్లలకు లోకజ్ఞానం నేర్పుతున్నారు. శనివారం ఆఖరి పీరియడ్ నీతిబోధ. సిలబస్ వెనకబడితే దాన్ని లెక్కల మేడమ్ తీసుకుంటారు. సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఇంతకన్నా ఏ యాజమాన్యం మాత్రం ఏం చేయగలదు?

నన్నడిగితే అసలు దోషం ప్రేయర్లో ఉంది. రోజూ చెయ్యి చాపి చెప్పే ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖలో ఉద్యోగం చేస్తూ రాశారు. ఖజానా శాఖ అధికారి అయ్యుండీ అందులో టర్మ్ ఫీజు గురించి ఒక్క ముక్క చేర్చలేదు. పైగా భారతీయులందరూ నా సహోదరులన్నారు. పెద్దవాళ్ళం మనమంటే చెప్పేసి చెయ్యి దించుకున్నాం. ఈ పిల్లలు నమ్మేస్తున్నారు!

లంచ్ బాక్సులు పంచుకోవద్దని డైరీలో అచ్చు వేయించారు. ఫలితం సున్నా. వేరుశెనగ చట్నీ ఉన్న డబ్బా బెంచీ చివరి దాకా వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోంది. జామకాయ మీద చొక్కా అంచు కప్పి కొరికితే కాకెంగిలే గానీ ఎంగిలి కాదని వాళ్ళకో శాస్త్రం. నెలనెలా కొత్త యూనిఫాం అమ్ముతున్నా, ఆ చొక్కాలు ఇలాంటి పనులకు వాడరాదని నియమం పెట్టడం బడికి తోచలేదు. మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమని క్లాస్ లీడర్‌కి సుద్దముక్క ఇస్తే, మేడమ్ చెప్పుల చప్పుడు వినబడగానే తుడిచేస్తున్నాడట. రూపాయి లంచం తీసుకోకుండా! పరిపాలన మీద గౌరవం ఎక్కడ మిగిలింది?

చట్టం కూడా మనవైపు లేదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టకూడదంటుంది, మాటలతో హింసించకూడదంటుంది. సీటిచ్చే ముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదంటుంది. అందుకే మా బడి పరీక్ష పెట్టదు. కాఫీ ఇచ్చి, నాన్నగారు ఏం చేస్తారు, ఇల్లు సొంతమా అని ఆప్యాయంగా కనుక్కుంటుంది, అంతే. ప్రైవేటు బళ్ళు ఒకటో తరగతిలో పావు వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలనీ అదే చట్టం అంటోంది. దీని పర్యవసానం మా కింది ఫ్లాట్ ఆయన అనుభవించారు. కొడుకు ఏడాదిగా ఎవరి పక్కన కూర్చుంటున్నాడో విచారిస్తే ‘శీను పక్కన’ అన్నాడు. శీను వాళ్ళ నాన్న ఏం చేస్తాడ్రా అంటే ‘బాగా ఈల వేస్తాడు’ అన్నాడు. ఏడాది స్నేహంలో వాడు సేకరించిన సమాచారం అది!

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడైతే వ్యవహారం బాగా ముదిరింది. అటునుంచి వచ్చే పిల్లల పుస్తకాలన్నీ నీళ్ళపాలయ్యాయి. సానుభూతి తెలియజేస్తూ, కొత్త సెట్టు బడి కౌంటర్లోనే కొనాలని యాజమాన్యం సర్క్యులర్ ఇచ్చింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మేము దండం బొమ్మలు పెట్టి మా బాధ్యత తీర్చుకున్నాం. మూడో తరగతి వాళ్ళు మాత్రం ఎవరినీ అడక్కుండా తమ నోట్సుల్లో పిన్నుల దగ్గర నడిమి కాగితాలు ఊడదీసి పోగేశారు. ఒక పిల్ల వాళ్ళ అమ్మమ్మ చేత దబ్బనంతో కుట్టించుకొచ్చింది. నాలుగు పుస్తకాలయ్యాయి. రూళ్ళవీ రూళ్ళు లేనివీ కలిసిపోయి చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి. బడి లోగో కూడా లేదు. ‘మా పాప సైన్సు నోట్సులో పేజీలు తగ్గాయి, బాధ్యులెవరు?’ అని ఒక తల్లి గ్రూపులో నిలదీస్తే గానీ సంగతి బయటపడలేదు. విచారణలో క్లాసు మొత్తం ‘నేనే’ అని చేతులెత్తింది.

సర్కారు వైఖరీ ఆందోళనకరమే. 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బళ్ళలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి, తల్లిదండ్రులను పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టించింది. మా బడి మీటింగులో అలాంటి చనువులుండవు. టోకెను తీసుకుంటాం, మార్కులు వింటాం, పక్కవాళ్ళ మార్కులు ఓరగా చూస్తాం, లిఫ్ట్ ఎక్కేస్తాం.

అయితే మరీ నిరాశ పడనక్కర్లేదు. ర్యాంకులు, ఒలింపియాడ్లు, ఐఐటీ ఫౌండేషన్ పుణ్యమా అని పై తరగతుల్లో గుణం కనిపిస్తోంది. మా ఎదురింటి అబ్బాయి ఐదో తరగతి. జ్వరమొచ్చి బడి మానేసిన స్నేహితుడు మొన్న నోట్సు కోసం ఇంటికొస్తే, పుస్తకం దిండు కింద తోసి ‘నేనూ రాయలేదురా’ అన్నాడట, కళ్ళలోకి సూటిగా చూస్తూ. వాళ్ళ నాన్న ఆనందం పట్టలేక ఆ సాయంత్రం ప్రతి ఫ్లాటుకీ స్వీట్లు పంపించాడు. మాకు నేతి మైసూర్‌పాక్ వచ్చింది.