మా ఇంటి దస్తావేజులోని తొమ్మిదో షరతు గారికి

మహారాజశ్రీ తొమ్మిదో షరతు గారికి నమస్కారాలు.

సియాటెల్ శివారులో మేము కొన్న ఇంటి పాత దస్తావేజు తిరగేస్తుండగా, పెరట్లో కోళ్లను, పందులను పెంచరాదన్న ఎనిమిదో షరతు కింద, టైపు మిషను అక్షరాల్లో తమరు దర్శనమిచ్చారు. తెల్లజాతివారు తప్ప ఇతరులెవరూ ఈ స్థలంలో నివసించరాదని, యజమాని దగ్గర ఉండే పనివాళ్లకు మాత్రం మినహాయింపు ఉన్నదని తమరి శాసనం. అంటే నేను ఈ ఇంట్లో అంట్లు తోముకుంటూ ఉండవచ్చు గాని, వాయిదాలు కట్టుకుంటూ ఉండరాదు. భారతీయులు తెల్లవారి లెక్కలోకి రారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది కనుక, ఆ దారిన తప్పించుకునే వీలూ లేదు.

తమరి వైభవం సామాన్యమైనది కాదు. గృహరుణాలకు పూచీ పడే ఫెడరల్ సంస్థే 1930లలో తమరిని సిఫారసు చేసింది. సెయింట్ లూయీలో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం ఇల్లు కొన్నప్పుడు ఇరుగుపొరుగు తమరిని చేతబట్టుకుని కోర్టుకెక్కితే, ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ముగ్గురు కారణం చెప్పకుండానే ఆ కేసు నుంచి తప్పుకున్నారు. వారి ఇళ్ల దస్తావేజుల్లోనూ తమరే కొలువై ఉన్నారేమోనని లోకం అనుకుంది. కోర్టు తలుపు మూసుకున్నా తమరు బెంగపడలేదు. తమరి మాటను బ్రోకర్లు చాలాకాలం నిలబెట్టారు. 1964లో సియాటెల్ ఓటర్లు సైతం ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ప్రతిపాదనను భారీగా ఓడించారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇల్లు అమ్మేటప్పుడు గాని అద్దెకిచ్చేటప్పుడు గాని జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడరాదని చట్టం వచ్చింది.

ఆ చట్టం నీడలోనే నేను ఈ ఇల్లు కొన్నాను. తమరు చెల్లరంటూ కౌంటీ కార్యాలయంలో మరో పత్రం దాఖలు చేసుకునే వీలును రాష్ట్రం కల్పించింది కనుక, ఆ ఫారం నింపి బల్ల మీద పెట్టుకున్నాను.

అంతలో నాన్నగారు ఫోను చేశారు. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటుకు టులెట్ బోర్డు పెడితే ఒకబ్బాయి వచ్చాడని, ఉద్యోగం మంచిదేనని, "మీరేమిట్లు బాబూ?" అని అడిగితే నసిగాడని, కబురు చేస్తామని పంపేశానని చెప్పారు. కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదంటూ మన రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలను, హోటళ్లను, బావులను, చెరువులను పేరుపేరునా ప్రస్తావించింది గాని అద్దె ఇంటి ఊసెత్తలేదు. పైగా ఆ ప్రశ్న ఏ దస్తావేజులోనూ ఉండదు కనుక, కొట్టివేయించడానికి ఫారమూ లేదు.

"సరే నాన్నా, మనవాళ్లెవరైనా వస్తారేమో చూద్దాం" అన్నాను.

ఫారం మీద సంతకం ఇంకా పెట్టలేదు.

ఇట్లు,
తమరిని ఇంటితోపాటు కొనుక్కున్నవాడు