కరోకేకి వంత పాడటం రాదు

వినాయక నిమజ్జనం అయి వారం తిరక్కముందే వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియోలు మొదలవుతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టేజీ, వెనక ఎల్‌ఈడీ తెర, మధ్యలో కొత్త కుర్తా వేసుకున్న యాభై ఏళ్ల పెద్దమనిషి. పల్లవి బానే ఎత్తుకుంటాడు. చరణానికి వచ్చేసరికి, గొంతు తీసేసి వాద్యం మాత్రమే ఉంచిన కరోకే ట్రాక్‌ది ఒక దారి, ఆయనది ఒక దారి. పైకి వెళ్లాల్సిన చోట గొంతు చీలుతుంది. ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటారు. ఎవరో ఆ ముక్క వరకు కత్తిరించి, కింద పడీపడీ నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి గ్రూపులో వదులుతారు. రాత్రికల్లా అది ఆయన వియ్యాలవారి ఫోన్‌కి కూడా చేరుతుంది.

ఇందులో తప్పు పాడినవాడిదేనని అందరం ముందే తేల్చేశాం. నా లెక్క వేరు. ఆ తప్పులో పెద్ద వాటా ట్రాక్‌ది, తర్వాత సౌండ్ బాక్సుల అబ్బాయిది, ఆ తర్వాత ఫోన్లు పట్టుకుని కూర్చున్న మనది. పాడినవాడి వాటా చిట్టచివర వస్తుంది, అదీ కొంచెమే.

సినిమా పాట ట్రాక్ అంటే వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా. ఏ గాయకుడి కోసం చేశారో ఆయన శ్రుతిలోనే ఉంటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లలో మగవాళ్లు మామూలుగా, హార్మోనియం మెట్ల లెక్కలో, ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో పాడతారు. ఎవరి గొంతుకి తగ్గ శ్రుతి వాళ్లది, అందులో నామోషీ ఏమీ లేదు. కరోకే దగ్గర మాత్రం గొంతే శ్రుతి వెంట పరిగెత్తాలి. పల్లవి చాలా పాటల్లో మధ్యస్థాయిలో తిరుగుతుంది కాబట్టి స్నానాల గదిలో హాయిగా వస్తుంది. చరణం చివర్లో తారస్థాయికి, అంటే పై స్వరాలకు ఎక్కి, అక్కణ్ణుంచి పల్లవిలోకి దూకాలి. వీడియోల్లో గొంతు చీలేది సరిగ్గా ఆ మెట్టు మీదే. ఇక మగ గొంతు పాటని ఆఫీసు ఫంక్షన్‌లో ఓ అమ్మాయి ఎంచుకుందంటే, అయితే పాతాళం, లేకపోతే ఆకాశం, మధ్యలో నిలబడే చోటు ఉండదు. చాలా యాప్‌లలో కీ, అంటే శ్రుతి, తగ్గించే బటన్ ఉంటుంది. అది ఎందుకుందో పాడేవాళ్లకు చెప్పే నాథుడే లేడు.

ఇంక బ్లూటూత్. ఫోన్‌లోంచి స్పీకర్‌కి పాట చేరడానికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. తెర మీద అక్షరాలు రంగు మారడం చూసి పాడేవాడు ఆ మేరకు ముందుంటాడు, జనానికి వినిపించే తాళం వెనకుంటుంది. దీనికి తోడు పెద్ద బాక్సులన్నీ జనం వైపు తిప్పి ఉంటాయి. పాడేవాడి వైపు ఒక్క స్పీకర్ కూడా ఉండదు. తన గొంతు తనకే సరిగా వినపడని మనిషి శ్రుతి తప్పాడని నవ్వుతున్నాం మనం. మైకు కుయ్యిమంటే పాపం ఏం చెయ్యాలో తెలియక దాని తలని అరచేత్తో మూస్తాడు. అలా మూస్తే నాలుగు వైపుల చప్పుడూ లోపలికి పోయి కూత ఇంకా పెరుగుతుంది. అది సరిచెయ్యాల్సిన సౌండ్ అబ్బాయి ఆ సమయానికి టీ దగ్గర ఉంటాడు. ఇది మాత్రం ఏ ఊళ్లోనైనా మారదు.

ఇవన్నీ పైపై కారణాలు. అసలు సంగతి ఇంకొకటుంది. తప్పు జరుగుతుందని ముందే ఊహించి, జరిగినప్పుడు పట్టుకోవడానికి పక్కన మనిషిని పెట్టుకున్న సంగీతాలు మనవి. ఆ మనిషిని తీసేసి, ఆ చోట ఒక ఫైలు పెట్టాం.

బుర్రకథ చూడండి. మధ్యలో కథకుడు, భుజాన తంబూర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న డోళ్లతో ఇద్దరు వంతలు. పద్మశ్రీ షేక్ నాజర్ లాంటి మహామహుడు కథ చెప్పినా వంతలు లేకుండా చెప్పలేదు. కథకుడు ఒక ముక్క విసరగానే వాళ్లు ‘తందాన తాన’ అందుకుంటారు. ఆ నాలుగు క్షణాల్లోనే కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి పాదం గుర్తు తెచ్చుకుంటాడు. మాట తడబడితే ఇంకా మంచిది. హాస్యపు వంత దాన్ని పట్టుకుని ఓ చెణుకు విసురుతాడు, జనం ఘొల్లున నవ్వుతారు, కథకుడు కూడా వాళ్లతో కలిసి నవ్వి కథలోకి వచ్చేస్తాడు. అక్కడా నవ్వు ఉంది. కాకపోతే ఆ నవ్వులో తప్పు కొట్టుకుపోయేది, మనిషి నిలబడేవాడు.

పద్యనాటకం ఇంకా పెద్ద ఉదాహరణ. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పగలు పొలం పనో, బడి పంతులు ఉద్యోగమో చేసి, రాత్రి కిరీటం పెట్టుకున్నవాళ్లు ఎంతమంది! వాళ్లలో సంగీతం నేర్చుకున్నవాళ్లు తక్కువ. అయినా తెల్లవార్లూ పద్యాలు పాడి వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నారంటే, తెర పక్కన కూర్చున్న హార్మోనిస్టు చలవ చాలా ఉంది. వేషధారి ఇచ్చిన శ్రుతిలో కాకుండా అరమెట్టు కింద ఎత్తుకున్నాడనుకోండి, హార్మోనిస్టు మొహం చిట్లించడు. వేళ్లు కిందికి జరిపి ఆయన ఎక్కడున్నాడో అక్కడికే వెళ్లి కలుస్తాడు. మూడో పాదం మర్చిపోయి రాగం తీస్తూ ఉంటే తనూ రాగం సాగదీస్తాడు. ఆ సందులో తెర చాటు నుంచి ఎవరో మాట అందిస్తారు. ముందు వరసలో తలపాగా సర్దుకుంటున్న రైతుకి అదంతా రాగాలాపనలాగే వినిపిస్తుంది. పైగా ‘ఎంతసేపు తీశాడ్రా రాగం!’ అని మెచ్చుకుంటాడు కూడా.

శాస్త్రీయ కచేరీలో మాత్రం? గాయకుడు చరణం మర్చిపోతే వయొలిన్ ఖాళీ నింపుతుంది. ఎత్తుగడ అరక్షరం అటూ ఇటూ అయితే మృదంగం సర్దుకుంటుంది. పక్కవాద్యం వాయించేవాడి గొప్పతనం సగం ఇక్కడే ఉంది. తెలిసినవాళ్లు తెలియనట్టే కూర్చుంటారు. పుష్య బహుళ పంచమినాడు తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజు పంచరత్న కీర్తనల సేవ జరుగుతుంది కదా, కావేరి ఒడ్డున వందల మంది విద్వాంసులు, వాళ్ల వెనక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, ఆ వెనక ఊరికే అభిమానం కొద్దీ వచ్చినవాళ్లు. వరాళి రాగంలోని కీర్తనలో మధ్య చరణాలు నోటికి రానివాళ్లు పెదవులు కదుపుతూ ఉంటారు, తెలిసిన చోట మళ్లీ గొంతు కలుపుతారు. వాళ్లని ఎవరూ లేపి పంపించరు. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఉత్సవానికి సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వచ్చే మన పిల్లలు కూడా ఆ గుంపు నీడలోనే ధైర్యంగా నోరు తెరుస్తున్నారు.

విచిత్రం ఏంటంటే, కరోకే పుట్టుకలోనూ ఈ పక్కవాద్యం మనిషే ఉన్నాడు. 1971లో జపాన్‌లోని కోబె నగరంలో దాన్ని తయారుచేసిన దైసుకే ఇనోవే, బార్లలో పాడుకునే కస్టమర్లకు పక్కన వాయించే కళాకారుడు. ఎవరు ఎక్కడ తడబడతారో ఆయనకు తెలుసు, వాళ్లని బట్టి వాయించేవాడు. వాళ్లలో ఒకాయన ఊరెళ్తూ తనతో రమ్మంటే, రాలేక ఆయన పాడుకునే పాటలకు వాద్యం రికార్డు చేసి టేపు చేతిలో పెట్టాడు. అంటే ఆ మొదటి టేపు ఫలానా మనిషి కోసం చేసింది. తర్వాత యంత్రం ప్రపంచమంతా తిరిగింది, ఆ ఫలానా మనిషి మాత్రం అందులోంచి జారిపోయాడు. 2004లో ఇనోవేకి సరదా బహుమతి ఇగ్ నోబెల్ శాంతి విభాగంలో ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు భరించడం నేర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట. ఇచ్చినవాళ్లు మన అపార్ట్‌మెంట్ గ్రూపులు చూడలేదు.

పోనీ పక్కన మనిషి ఉంటే సరిపోతుందా అంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా మనవాళ్లై ఉండాలి. న్యూయార్క్‌లో ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెంకిన్స్ అని ఒక ధనవంతురాలు ఉండేది. శ్రుతీ లేదు, లయా లేదు, పాడాలన్న ఆశ మాత్రం కొండంత. పియానో వాయించే కాస్మే మెక్‌మూన్ ఆమె లయ తప్పినప్పుడల్లా తన వేగం మార్చి నెట్టుకొచ్చేవాడు. ఏళ్ల తరబడి తెలిసినవాళ్ల మధ్య పాడుతూ ఆమె హాయిగానే గడిపింది. 1944 అక్టోబర్ 25న, 76 ఏళ్ల వయసులో, అక్కడి పేరున్న సంగీత వేదిక కార్నెగీ హాల్లో టికెట్లు పెట్టి అందరికీ పాడింది. హాలు నిండిపోయింది. మర్నాడు పత్రికలు చీల్చి చెండాడాయి. ఇంకో నెలకి ఆమె పోయింది. విమర్శల వల్లే పోయిందని నేననను. అదే గొంతు, అదే పియానో, వినేవాళ్లు మాత్రం మారారు.

మన సెల్లార్ స్టేజీకి ఇప్పుడు ఫోన్ పుణ్యమా అని రోజూ కార్నెగీ హాలే. స్కూలు యాన్యువల్ డేలో ఏడేళ్ల పాప రెండో చరణం మర్చిపోతుంది. ట్రాక్ ఆగదు. టీచర్ పక్క నుంచి పెదాలు కదుపుతూ ఉంటుంది, పాపకి కనపడదు, లైట్లు కళ్లలో పడుతున్నాయి. ఖాళీ వాద్యం మోగుతూనే ఉంటుంది. పాప గౌను అంచు పట్టుకుని మెలిపెడుతూ నిలబడుతుంది. తండ్రి ఫోన్ దించడు! దించి, రెండడుగులు ముందుకేసి, ఆ మొదటి మాట తను అందుకుంటే చాలు, పాట నడిచిపోతుంది. ఆయనకి వీడియోలో చెయ్యి వణక్కూడదన్న టెన్షన్. పాత రోజుల్లో ఆ చోట బడి హార్మోనియం ఉంటే, పల్లవి మళ్లీ వాయించి పాపని లోపలికి లాక్కునేది.

‘మీరు చెప్పేది బానే ఉంది గానీ, ప్రాక్టీస్ లేకుండా మైకు పట్టుకుని మా చెవులకు చిల్లులు పెట్టడం కూడా హక్కేనా?’ అని అడిగేవాళ్లున్నారు. నాలుగు సార్లయినా పాడి చూసుకోకుండా స్టేజీ ఎక్కడం తప్పే, ఒప్పుకుంటాను. వరసగా మూడు పాటలు పాడి మైకు వదలని ఆసామి ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు, అతన్ని నేను కూడా వెనకేసుకు రాను. కానీ ఆ ఒక్కడికీ వేసిన శిక్ష మిగతా నలభై ఇళ్ల వాళ్ల నోళ్లు కుట్టేస్తోంది. అతనెలాగూ సిగ్గుపడడు, వచ్చే ఏడాది కూడా పాడతాడు. మానేసేది ఒకే ఒక్కసారి ధైర్యం చేసిన మూడో ఫ్లోర్ ఆంటీ.

ఆవిడ మానేస్తే ఏమవుతుందో బతుకమ్మ దగ్గర చూస్తున్నాం. బతుకమ్మ పాటకి వాద్యం లేదు, స్టేజీ లేదు, గాయని లేదు. ఒకామె ఎత్తుకుంటే చుట్టూ తిరిగేవాళ్లు చప్పట్లతో ‘ఉయ్యాలో’ అంటారు. ఆమెకి గుర్తు రాకపోతే పక్కామె అందుకుంటుంది, ఆమెకీ రాకపోతే ముసలామెను అడుగుతారు. వెయ్యి మంది తిరుగుతున్నా అపశ్రుతి అనే మాటకే అక్కడ చోటు లేదు. 2014లో తెలంగాణలో దాన్ని రాష్ట్ర పండుగ చేసుకున్నాం, సంతోషం. కానీ ఇవాళ చాలా వాడల్లో మధ్యలో డీజే బాక్సు ఉంది, చుట్టూ చప్పట్లు మాత్రమే మిగిలాయి. పాటలు వచ్చిన అత్తమ్మలు బాక్సుకి పోటీగా అరవలేక ఊరుకుంటున్నారు. ఊరుకున్న పాట కోడలికి రాదు, మనవరాలికి అసలే రాదు. పెళ్లిళ్లలో నలుగు పాటలు, తలంబ్రాల పాటలు ఇదే దారిలో పోయాయి, ఆ చోట సంగీత్ వచ్చింది, డాన్స్ మాస్టర్ వచ్చాడు. మంగళహారతి కూడా యూట్యూబ్‌లో పెట్టి హారతి తిప్పే ఇళ్లున్నాయి.

పాడటం అందరూ చేసే పనుల్లోంచి తప్పుకుని టాలెంట్ ఉన్నవాళ్ల పనిగా మారిపోయింది. ఇందులో టీవీ పోటీల పాత్ర లేదనలేం. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తప్పుని నొప్పి తెలియకుండా చెప్పేవారు, పిల్లల వెనక వాయించే మనుషులుండేవారు. దాని వెనకే పుట్టుకొచ్చిన పోటీలు ఆ మర్యాదని వదిలేసి రౌండ్లు, ఎలిమినేషన్లు, మార్కులు మాత్రం పట్టుకున్నాయి. ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టం ‘ఏదీ, ఒక పాట పాడమ్మా’ అంటే పిల్ల బెదిరిపోయి అమ్మ వెనక దాక్కుంటోంది. చుట్టం జడ్జిలా కనిపిస్తున్నాడు మరి.

అందుకే వచ్చే చవితికి కమిటీల వాళ్లని ఒకటే అడుగుతున్నాను. ఎల్‌ఈడీ తెర ఈసారి కాస్త చిన్నది పెట్టండి. మిగిలిన డబ్బుతో ఒక కీబోర్డు అతన్నీ, ఒక తబలా అతన్నీ పిలవండి. పాడేవాళ్లని ముందు రోజు వాళ్ల దగ్గర కూర్చోబెట్టి శ్రుతి చూసుకోమనండి. పాడేవాడి వైపు ఒక బాక్సు తిప్పండి. స్టేజీ పక్కన ఇంకో మైకు పెట్టి, ఎవరైనా ఆగిపోతే అందుకోవడానికి నలుగురిని నిలబెట్టండి. పాడినవాళ్లని అడగకుండా వీడియో పెడితే గ్రూపులోంచి వారం రోజులు బయటికి పంపుతామని పూజకి ముందే చెప్పండి.

బడ్జెట్ లేదంటారు, నాకు తెలుసు. హైదరాబాద్ దగ్గర బాలాపూర్ గణపతి లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షలు దాటింది. ఆ ఊపు చూసి ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ లడ్డూ వేలం పెడుతున్నారు. మీ సెల్లార్ లడ్డూకి పోయినేడాది ఎంతొచ్చిందో, అది ఎందులో ఖర్చయిందో ఈసారి మీటింగ్‌లో లేచి అడగండి.