అహోబిలం అల్లుడు, నార్నియా సుసాన్

కర్నూలులో ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు నార్నియా అనే మాయాలోకపు నవలల్లో, బీరువా గుండా మన లోకం నుంచి అక్కడికి వెళ్లే సుసాన్‌కు, అక్కడి రాజు కాస్పియన్‌కు జంట కట్టి ఫోనులో పెద్ద కథే రాసింది. అది చదివిన మా బావ, "రాసినాయన పెట్టని ప్రేమను పెట్టడానికి నువ్వెవరు?" అని నిలదీశాడు. ఫ్యాన్ ఫిక్షన్‌ను, అంటే ఇష్టమైన కథల్లోని పాత్రలతో అభిమానులు అల్లే సొంత కథలను, ఎరగని పెద్దలందరూ వేసే ప్రశ్నే ఇది. ఓపికగా జవాబు చెప్పదగిన ప్రశ్న కూడా.

సి.ఎస్. లూయిస్ రాసిన ఈ నవలలు ఏడూ 1950 నుంచి 1956 వరకు వెలువడ్డాయి. వాటిలో ఈ ఇద్దరి మధ్య ప్రేమ లేదు. కాస్పియన్ ఒక నక్షత్రం కూతురిని పెళ్లాడతాడు. వాళ్ల ముద్దు 2008 నాటి సినిమా కల్పించినది. అయినా అభిమానులు ఈ జంటను వదలకపోవడానికి సినిమా ఒక్కటే కారణమని నేను అనుకోను. చివరి నవలలో సుసాన్ లిప్‌స్టిక్కుల మీద, నైలాన్ మేజోళ్ల మీద, విందు పిలుపుల మీద మోజుపడి నార్నియాను కాదనుకున్నదని మిగతావాళ్లు తేల్చేస్తారు. అదే నవలలో ఆమె అన్న, తమ్ముడు, చెల్లెలు, అమ్మానాన్నలు రైలు ప్రమాదంలో చనిపోతారు. ఒంటరిగా మిగిలిన ఆ పిల్ల దుఃఖానికి మాత్రం ఒక్క పేజీ దక్కలేదు. పైగా నార్నియా కాలం మన లెక్కకు అందదు కనుక, సుసాన్ ఇంకా చిన్నపిల్లగా ఉండగానే కాస్పియన్ అక్కడ ముసలివాడై కన్నుమూస్తాడు. నా దృష్టిలో ఈ జంటకు బలం ఆ ఎడబాటే. 1960లో ఒక పాఠకురాలికి రాసిన ఉత్తరంలో లూయిస్, సుసాన్ తర్వాతి కథ పెద్దల నవలలా అవుతుందని, దాన్ని తాను రాయలేనని చెప్పి, నువ్వే ప్రయత్నించరాదా అని అడిగాడు. బావ అడిగిన అనుమతి అరవై ఏళ్ల కిందటే వచ్చేసిందన్నమాట.

మన దగ్గర అనుమతి కోసం ఆగిందెవరు? భాగవతంలో నరసింహుడు ప్రహ్లాదుడి స్తుతికి శాంతిస్తాడు. చెంచిత ఊసు అక్కడ లేదు. ఒకప్పుడు మా జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న అహోబిలంలో మాత్రం, ఉగ్రరూపంతో నల్లమలలో తిరిగిన స్వామి మనసు గెలిచింది తమ ఆడపిల్ల చెంచులక్ష్మేనని చెంచులు చెబుతారు, ఆయనను అల్లుడిగా ఎంచుతారు. ఏటా సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి దాదాపు 40 రోజులు ఊరూరా తిరిగి తన కల్యాణానికి పిలుస్తాడు. ఆ జంట కుదిరాకే అడవి మనుషులకు దేవుడు చుట్టమయ్యాడు, ఆయన కోపానికీ కొత్త అర్థం వచ్చింది.

జంట కట్టే ప్రతి కథా అంత పని చేయదు. సుసాన్‌ను నార్నియాకు తిరిగి రప్పించి, కాస్పియన్ పక్కన పీటల మీద కూర్చోబెట్టి ముగించే కథలు ఆమెకు లూయిస్ చేసిన అన్యాయాన్ని సరిదిద్దవు. ఆమె దుఃఖాన్ని అవీ దాటేస్తాయి. మా పిల్ల కథలోనూ అలాంటి భాగాలు చాలా ఉన్నాయి. కానీ పదకొండో అధ్యాయంలో సుసాన్ ఖాళీ ఇంట్లో బీరువా తెరిచి, ఇక ఎవరూ తొడుక్కోని కోట్లను ఒక్కొక్కటే తీసి మడతపెడుతుంది. అందులో కాస్పియన్ పేరు ఒక్కసారి కూడా రాదు. బావ ఇంకా అంతదాకా చదవలేదు.