మామగారే మనవడైతే

మానవజాతి వంశవృక్షాన్ని ఇంతవరకూ ఎవరూ సరిగ్గా గీయలేదన్న లోటు తీర్చాలని ఒక శుభముహూర్తాన సంకల్పించాను. తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు సిద్ధం చేసుకుని, గ్రంథాలు ముందేసుకుని కూర్చున్నాను. గంట గడిచేసరికి పెన్సిలు మొన అరగలేదు గానీ రబ్బరు సగమైంది.

మొదట బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం తెరిచాను. ఒకటో అధ్యాయంలో పని పద్ధతి ప్రకారం సాగుతుంది. మూడో రోజు చెట్లు, నాలుగో రోజు సూర్యుడు, ఐదో రోజు చేపలూ పక్షులూ, ఆరో రోజు జంతువులు, ఆఖరున స్త్రీపురుషులిద్దరూ ఒకేసారి. సూర్యుడే లేనప్పుడు మొదటి మూడు రోజులు ఎలా లెక్కపెట్టారని అడిగే పెంకివాళ్లుంటారు. పట్టించుకోకూడదు. అయితే రెండో అధ్యాయంలోకి వెళ్లేసరికి, పొలంలో మొక్క మొలవకముందే నేలమట్టితో మనిషి తయారై కూర్చున్నాడు. తోట ఆ తరువాత. అతను ఒంటరివాడైపోయాడని జంతువులు ఆ తరువాత. వాటిలో తగిన తోడు కనిపించకపోతే, అప్పుడు పక్కటెముక తీసి స్త్రీని చేశారు. ముందు పశుపక్ష్యాదులన్నింటినీ వరసగా చూపించి, చివరికి పెళ్లికూతురిని చూపించిన పెళ్లిచూపులు లోకంలో అవొక్కటే.

ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు 1753లో ఈ తేడాకొక రోగనిదానం చెప్పాడు. ఒక కథనంలో దేవుడి పేరు ఎలోహీం, ఇంకో కథనంలో యెహోవా. ఆదికాండం రాశాడని చెప్పే మోషే, తన దగ్గరున్న వేర్వేరు పాత కథనాలను కలిపి కూర్చాడని అతని ఊహ. పుస్తకం మీద మాత్రం తన పేరు వేసుకోలేదు. వైద్యుడు కదా, ఏ మందు ఎవరికి వికటిస్తుందో తెలిసినవాడు.

తెలియనివాడు అంతకు వందేళ్ల ముందే ఒకడున్నాడు. మొదటి మనిషి ఆదాము కొడుకు కయీను తమ్ముణ్ణి చంపాక, తనను చూసినవాడెవడైనా చంపేస్తాడని భయపడ్డాడు. కథలో అప్పటికి మిగిలింది అమ్మా నాన్నా మాత్రమే! పైగా అతనికి భార్య ఉంది, ఊరు కూడా కట్టించాడు. ఇదంతా చూసి లా పేరేర్ అనే పెద్దమనిషి, ఆదాముకు ముందే మనుషులున్నారని వాదిస్తూ 1655లో పుస్తకం అచ్చువేశాడు. పుస్తకాన్ని తగలబెట్టారు. మరుసటి ఏడాది మనిషిని ఖైదులో పెట్టారు. తప్పయిందని ఒప్పుకుని కాథలిక్కుగా మారాక బయటపడ్డాడు. పరాయివాళ్ల కోడలి పుట్టింటి సంగతులు ఆరా తీస్తే అంతే మరి.

తారీఖులైనా రాసుకుందామంటే, మరో కొడుకు షేతు పుట్టేనాటికి ఆదాము వయసు హీబ్రూ ప్రతిలో 130, పాత గ్రీకు అనువాదంలో 230. ఈ మాత్రం వందేళ్లకు ఆర్చిబిషప్ అషర్ వెనుకాడలేదు. సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరు 23కు ముందు రాత్రి మొదలైందని 1650లో తేల్చేశాడు. మా ఇంట్లో తాతగారి పుట్టినతేదీ మీద ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

సరే, పురాణాల్లో ఈ చిక్కులుండవులే, మునులు తీరిగ్గా కూర్చుని చెప్పుకున్నవే కదా అని అటు తిరిగాను. మనుస్మృతి ప్రకారం మరీచి మనువు సృష్టించినవాడు. పురాణాల ప్రకారం మరీచి కొడుకు కశ్యపుడు, ఆయన కొడుకు సూర్యుడు, సూర్యుడి కొడుకు మనువు. అంటే మనువు తన కొడుక్కి తానే మునిమనవడు. ఆ మనువు వేరు, ఈ మనువు వేరు, మొత్తం పద్నాలుగు మంది ఉన్నారని పండితులు ధైర్యం చెప్పారు. ఇంకో పదమూడు కాగితాలు తెచ్చుకున్నాను.

దక్షుడి దగ్గర ఆ ధైర్యమూ పోయింది. అదితికి దక్షుడు పుట్టాడు, దక్షుడికి అదితి పుట్టింది అంటుంది ఋగ్వేదం పదో మండలం, అదీ ఒక్క ఊపిరిలో. కాగితం మీద రెండు పేర్లు రాసి, మధ్య గీతకు ఒక కొసన బాణం గుర్తు వేశాను. ఆలోచించి రెండో కొసన కూడా వేశాను. ఎవరిని పైన రాయాలో తెలియక కాగితాన్ని అడ్డంగా తిప్పాను. ఇదెలా సాధ్యమని, వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తంలో యాస్కుడే అడిగి, దేవతల ధర్మం ప్రకారం ఒకరికొకరు పుట్టి ఉండవచ్చన్నాడు.

అసలు ఘట్టం విష్ణుపురాణంలో ఉంది. అక్కడ సందేహం వచ్చింది నాస్తికుడికి కాదు, ఎదురుగా కూర్చుని వింటున్న శిష్యుడు మైత్రేయుడికే. దక్షుడు బ్రహ్మ కుడి బొటనవేలి నుంచి పుట్టాడని విన్నానే, మళ్లీ ప్రచేతసులనే అన్నదమ్ములకు కొడుకెలా అయ్యాడు? చంద్రుడికి కూతుళ్లనిచ్చిన మామగారు, అదే చంద్రుడికి మనవడెలా అయ్యాడు? ఈ రోజుల్లో ఈ ప్రశ్న వేసి చూడండి. దక్షుడి వంశం మాట అటుంచి, ముందు అడిగినవాడి వంశం బయటికి తీస్తారు. గురువు పరాశరుడు అలా చేయలేదు. ఈ దక్షాదులు యుగయుగానా పుడుతుంటారు, పోతుంటారు, విద్వాంసుడు ఇందులో తికమకపడడు అన్నాడు. పూర్వం వాళ్లలో పెద్దా చిన్నా వయసును బట్టి కాదు, తపస్సును బట్టి అని కూడా చేర్చాడు.

మైత్రేయుడు ఎదురు వాదించలేదు, అలిగి వెళ్లిపోలేదు. సరే, ఇక దేవదానవుల, గంధర్వుల, నాగుల, రాక్షసుల పుట్టుక వివరంగా చెప్పండన్నాడు.

నేను కొత్త రబ్బరు కొనడానికి లేచాను.