సవరణ: గుండెదడ వస్తే ముందు చక్కెర చూసుకోవాలి

మధుమేహం, మానసిక ఆరోగ్యం గురించిన గత టపాలో "హఠాత్తుగా ఆందోళన కలిగితే కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చండి" అనే వాక్యం ఉంది. దాన్ని తొలగించాను. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మొదట చేయాల్సిన పని అది కాదు. వణుకు, చెమట, గుండెదడ, కారణం తెలియని భయం రక్తంలో చక్కెర పడిపోయినప్పుడూ వస్తాయి. ఆందోళనలోనూ, చక్కెర పడిపోయినప్పుడూ ఒంట్లో ఎగసేది అడ్రినలిన్ అనే హార్మోనే కాబట్టి తేడా పోల్చుకోవడం కష్టం. గ్లూకోమీటరే తేల్చాలి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. మీటరు దగ్గర లేకపోతే చక్కెర తగ్గిందనే అనుకోవడం క్షేమం. ఊపిరి సంగతి ఆ తర్వాత. ఆందోళన తగ్గడానికి ప్రొప్రనొలాల్ వాడేవారిలో వణుకు, దడ పైకి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

మధుమేహుల దిగులంతా డిప్రెషనే అన్నట్టున్న పేరానూ మార్చాను. సూదులు, లెక్కలు, తినే ప్రతి ముద్ద మీదా ఇతరుల నిఘా కలిగించే అలసటను డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. దాన్ని అంచనా వేయడానికి 20 ప్రశ్నల ‘పెయిడ్’ (PAID, Problem Areas in Diabetes) ప్రశ్నావళి ఉంది. 100కి 40 లేదా ఆపైన వస్తే తీవ్రంగా ఉన్నట్టు. డిప్రెషన్‌లో దిగులు, నిరాసక్తత మధుమేహానికి సంబంధం లేని విషయాలకూ పాకి, కనీసం రెండు వారాలు వదలవు. రెండూ కలిసి ఉండవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏ ప్రశ్నావళీ అక్కర్లేదు, వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.